మార్పు మంచిదే – మూల్యం ఎవరిది?

కాలానుగుణమైన మార్పును గురించి రైల్వే కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఖరగ్‌పూర్‌లోని ట్రాఫిక్ వంటి కాలనీలలో స్థిరపడిన తెలుగువారు బొగ్గు ఇంజను నుండి విద్యుత్ ఇంజను వరకు అన్నింటినీ చూసినవారే. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డులోని పాత రూట్ రిలే ఇంటర్‌లాకింగ్‌ను తొలగించి, 800 రూట్లను ఏర్పరచగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌ను నెలకొల్పారు. ఆ పరికరాల ఖర్చును సంస్థే భరించింది. ప్రయాణికుడు పాత టిక్కెట్టుతోనే కొత్త వ్యవస్థ మీదుగా సాగిపోయాడు.

మన ఇళ్లలోని ఎలక్ట్రానిక్ వస్తువుల విషయంలో జరుగుతున్నది ఇందుకు భిన్నం. అక్కడ తొలగింపు నిర్ణయం తయారీదారుది, ఖర్చు వినియోగదారునిది.

ఇరుపక్షాల వాదన

1998లో ఆపిల్ సంస్థ ఫ్లాపీ డ్రైవు లేని ఐమాక్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు విమర్శలు చెలరేగాయి. కొన్నేళ్లకు ఫ్లాపీయే కనుమరుగైంది. 2016లో అదే సంస్థ ఐఫోన్ 7 నుండి 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ జాక్‌ను తొలగించింది. పూర్వపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో ఆపరేటర్లు వాడిన ప్లగ్గుకు ఇది వారసురాలు. దీనిని తీసివేస్తే లోపల స్థలం మిగులుతుందని, నీరు చొరబడకుండా కాపాడడం తేలికవుతుందని తయారీదారుల వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే మొదట పెట్టెలో ఉచితంగా ఇచ్చిన అడాప్టరును 2018 నమూనాల నుండి మానివేశారు. పాత ఇయర్‌ఫోన్లు బాగున్నవారు కూడా విడిగా కొనవలసి వచ్చింది.

జాక్‌తో పోయినది

నష్టం పాటలతో ఆగలేదు. ఫోనులోని ఎఫ్.ఎం. రేడియోకు ఇయర్‌ఫోను తీగయే యాంటెన్నా. జాక్ పోయిన పెక్కు ఫోన్లలో రేడియో కూడా పోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విద్యుత్తు, సెల్‌ఫోన్ సేవలు స్తంభించాయి. ఖరగ్‌పూర్ తెలుగువారిలో అనేకుల మూలాలు ఉత్తరాంధ్రలోనే ఉన్నాయి. అటువంటి వేళ ఇంటర్నెట్టుతో పనిలేని రేడియో విలువ ఎంతటిదో వేరుగా చెప్పాలా? 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐ.టి. శాఖ కూడా ఫోన్లలో ఎఫ్.ఎం. సౌకర్యం ఉండేలా చూడాలని తయారీదారుల సంఘాలకు సూచించింది.

కట్టుబాటు అవసరం

తొలగింపులన్నీ చెడ్డవి కావు. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుండి కొత్త ఫోన్లకు యు.ఎస్.బి. టైప్-సి ఛార్జింగును తప్పనిసరి చేసింది. రకరకాల పిన్నులు పోయి ఒకే పిన్ను మిగలడం వినియోగదారునికి లాభమే. కావున ప్రశ్న పాతదా, కొత్తదా అన్నది కాదు. తీసివేసిన దానికి బదులు ఏర్పాటు ఉన్నదా, దాని ఖర్చు ఎవరిపై పడుతున్నది అన్నదే ప్రశ్న.

కొత్త ఫోను కొనేటప్పుడు, ముఖ్యంగా పింఛనుపై జీవించే పెద్దల కోసం కొనేటప్పుడు, జాక్, రేడియో, ఛార్జరు ఉన్నవో లేవో ముందుగా విచారించండి. లేనివాటిని విడిగా కొనడానికయ్యే ఖర్చును ధరకు కలిపి చూడండి. అదే దాని అసలు వెల.