స్కిమ్మర్ లోపం తయారీదారుకు తెలిసేలా చెప్పండి

తెల్లవారుజామున హేచరీ తలుపు తీసేసరికి స్కిమ్మర్ కప్పు నిండి పొర్లి ఉంటుంది. నేలంతా కంపు కొట్టే నల్లనీళ్లు. సంపులో నీటిమట్టం జానెడు దిగిపోయి ఉంటుంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది, అంతే. తల్లి రొయ్యల ట్యాంకులకు ప్రొటీన్ స్కిమ్మర్ పెట్టుకున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. కోపంతో ఫోను చేసి "మీ సరుకు పనికిరాదు" అంటారు. అవతలివారు "వాల్వు సరిగ్గా తిప్పుకోండి" అంటారు. ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. మరుసటి ఏడాది కూడా అదే అచ్చులో చేసిన స్కిమ్మరే వస్తుంది.

వాడేవారు సరిగ్గా చెబితే డిజైను మారుతుందనడానికి దాఖలా ఉంది. ఈ పరికరం ఇళ్లలో సముద్రపు చేపలు, పగడాలు పెంచే అక్వేరియంలలో బాగా వాడుకలో ఉన్నది. విదేశాల్లో అక్వేరియం పెంపకందార్లు కొందరు తమ పంపు చక్రానికి ప్లాస్టిక్ వల ముక్క కట్టి చూశారు. బుడగలు మరింత సన్నగా, ఎక్కువగా వచ్చాయి. దరిమిలా తయారీదారులే వల చక్రం బిగించిన పంపులను అమ్మకానికి పెట్టారు. మార్పు పుట్టింది వాడినవారి దగ్గరే.

పని చేసే తీరు

తుఫాను రోజుల్లో ఒడ్డున తెట్టెలు కట్టే నురుగును మీరు చూసే ఉంటారు. నీటిలో కరిగిన మాంసకృత్తులు గాలిబుడగ చుట్టూ అంటుకుని పైకి తేలడం వల్ల అలా జరుగుతుంది. స్కిమ్మర్ గొట్టంలో చేసేదీ ఇదే. పంపు సన్నని బుడగలను నీటితో కలుపుతుంది. నురుగు మెడ గుండా పైకెక్కి కప్పులో పడుతుంది. తల్లి రొయ్యలకు వేసే స్క్విడ్, పాలీకీట్ పురుగులు, ఆల్చిప్ప మాంసం నీటిలో రసం వదులుతాయి. ఆ రసం కుళ్లి అమ్మోనియాగా మారకముందే బయటకు పంపడం దీని పని. అప్పటికే తయారైన అమ్మోనియాను ఇది తీయదు. దానికి బయోఫిల్టరే దిక్కు. ఈ తేడా తెలియక స్కిమ్మర్‌ను తిట్టేవారున్నారు.

2009లో వనామీకి అనుమతి వచ్చాక తల్లి రొయ్యలు విదేశాల నుంచి, చెన్నైలో క్వారంటైన్ దాటుకుని వస్తున్నాయి. ఒక్కో జత ఖరీదు తెలిసినవారు వాటిని పచ్చి సముద్రపు నీటిలో ఊరికే వదలరు. శుద్ధి చేసిన నీటినే తిప్పి తిప్పి వాడేచోట స్కిమ్మర్ ఆగిందంటే ఆ రాత్రి నష్టం ఒక్క కప్పుతో పోదు. ఒక మాట. సెలినిటీ తక్కువగా ఉన్న చెరువు నీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి కనుక అక్కడ ఇది అంతగా పనిచేయదు. ఆల్గే వేసిన లార్వా ట్యాంకులకూ పెట్టకండి. మేత కూడా నురుగుతో పోతుంది.

ముందు మన తప్పు ఉందేమో చూసుకోవాలి

కొత్త స్కిమ్మర్ మొదటి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా సరిగ్గా నురగదు. ప్లాస్టిక్‌కు అంటిన నూనె పోవాలి. నూనె ఎక్కువగా ఉన్న మేత వేసినా, సబ్బు చేతులు నీటిలో పెట్టినా నురుగు కొన్ని గంటలు చచ్చిపోతుంది. ఆ సమయంలో డ్యూటీ కుర్రాడు కంగారుపడి వాల్వు బిగిస్తాడు. నూనె ప్రభావం తగ్గగానే అర్ధరాత్రి నురుగు ఒక్కసారిగా లేచి కప్పు పొర్లుతుంది. ఇది డిజైను లోపం కాదు. అలాగే మెడ లోపల జిడ్డు పొర కడితే నురుగు పైకెక్కదు. రెండు మూడు రోజులకోసారి తుడవాల్సిందే.

నీటి వేగం కూడా కొలిచి చూడండి. స్కిమ్మర్ నుంచి బయటకు వచ్చే నీటిని 20 లీటర్ల బకెట్‌లో పట్టండి. 12 సెకన్లలో నిండితే నిమిషానికి 100 లీటర్లు వస్తున్నట్టు. గొట్టంలో 200 లీటర్ల నీరు పడితే ఆ నీరు బుడగలతో రెండు నిమిషాలు కలిసి ఉంటుంది. ఇది మంచి లెక్కే. అదే గొట్టానికి పెద్ద మోటారు బిగించి నిమిషానికి 300 లీటర్లు తోస్తే, నీరు వచ్చినట్టే వెళ్లిపోతుంది. అప్పుడు తప్పు గొట్టానిది కాదు.

నిజంగా మార్చమని అడగవలసినవి

అన్నిటికన్నా ముందు లోహం. వెంచురీలోనో, వాల్వులోనో, ఆఖరికి మరలోనో ఇత్తడి ఉంటే ఆ స్కిమ్మర్‌ను వెనక్కి పంపండి. ఇత్తడిలోని రాగి సముద్రపు నీటిలో కరుగుతుంది, రొయ్య దానికి తట్టుకోలేదు. పీవీసీ గానీ, టైటానియం గానీ ఉండాలి. స్టీలు తప్పనిసరైతే 316 రకం అడగండి. 304 రకం ఉప్పు నీటిలో తుప్పు పడుతుంది.

నీటిమట్టం సవరించే చోట చాలామంది తయారీదారులు బాల్ వాల్వు పెడతారు, చవక కనుక. దాన్ని వెంట్రుకవాసి తిప్పినా మెడలో నీళ్లు రెండంగుళాలు లేస్తాయి. గేట్ వాల్వు అయితే చుట్టు చుట్టుకూ కొద్దికొద్దిగా మారుతుంది. ధరలో తేడా ఉంటుంది, అయినా అడగండి.

ఇక పొర్లడం సంగతి. కరెంటు పోయినప్పుడు ట్యాంకుల నీరు వెనక్కి జారి సంపు మట్టం పెరుగుతుంది. సంపులో నిలబెట్టిన స్కిమ్మర్‌లో కూడా ఆ మేరకు నీరు లేస్తుంది. కరెంటు రాగానే నురుగుకు బదులు నీళ్లే మెడ ఎక్కుతాయి. దీనికి రెండు మార్గాలున్నాయి. స్కిమ్మర్ నిలిచే చోట నీటిమట్టం మారకుండా సంపులో వేరే గది కట్టుకోవడం మన పని. కప్పు నిండగానే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టడం తయారీదారు పని. ఆ స్విచ్ కప్పుతోపాటే రావాలి. కప్పు అడుగున హోసు గొట్టం, దానికి దూరంగా డ్రమ్ము ఉంటే రోజూ ఎత్తి పారబోసే పనీ తప్పుతుంది. డ్రమ్ము మూతకు గాలి రంధ్రం ఉండాలి, లేకపోతే మురికి దిగదు.

గాలి పీల్చే నాజిల్ దగ్గర ఉప్పు పేరుకుని రంధ్రం మూసుకుపోవడం మరో బాధ. బుడగలు నెమ్మదిగా తగ్గుతాయి కనుక వెంటనే పట్టుబడదు. గాలి గొట్టానికి టీ ముక్క, చిన్న వాల్వు అమర్చి ఇస్తే గోరువెచ్చని మంచినీళ్లు పీల్పించి క్షణంలో కడుక్కోవచ్చు. మెడ వెడల్పు చెయ్యి పట్టేంత ఉండాలి. ఓ రింగు, పంపు చక్రం బజారులో దొరికే సైజుల్లో ఉండాలి. ఒక్క రబ్బరు రింగు కోసం వారం రోజులు కొరియర్ కోసం ఎదురు చూడవలసి వస్తే ఎంత మంచి స్కిమ్మర్ అయినా ఏం లాభం? ఓజోను వాడేవారు మామూలు రబ్బరు రింగులు వద్దని ముందే చెప్పాలి. ఓజోను దాన్ని కొరికేస్తుంది.

చెప్పే పద్ధతి

పదిహేను రోజులు ఒక నోటుబుక్కు పెట్టండి. ట్యాంకు ఎన్ని టన్నులు, సెలినిటీ, మేత వేసిన వేళ, కప్పులో పడినది ఎంత, ఏ రంగు, వాల్వు ఎవరు ఎప్పుడు తిప్పారు, కరెంటు ఎప్పుడు పోయింది, ఇవన్నీ రాయాలి. ఈ పని రోజూ కప్పు కడిగే మనిషికే అప్పగించండి. మీకన్నా అతనికే ఎక్కువ తెలుసు. కప్పు ఎంత నిండిందన్నదొక్కటే చూసి మురిసిపోవద్దు. పలచని టీ నీళ్లు రోజుకు రెండు కప్పులు పడినా, చిక్కటి నల్ల ముద్ద అరకప్పు పడినదానికి సాటి రాకపోవచ్చు. అదే మేత మీద ట్యాంకు నీటిలో అమ్మోనియా వారం వారం ఎలా ఉందో చూడటం మేలు.

తయారీదారు ఒక్కోసారి పంపు, మెడ, వాల్వు మూడూ ఒకేసారి మార్చి పంపుతాడు. బాగుపడితే దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు. ఒక్కటే మార్చమనండి. పాతది ఒక ట్యాంకుకు, కొత్తది పక్క ట్యాంకుకు పెట్టి, రెండింటికీ ఒకే మేత వేసి చూడండి. నోటుబుక్కు నకలు, కొలతలు వేసిన చేతి బొమ్మ తయారీదారుకు పంపండి. ఆర్డరు ఇచ్చేటప్పుడే డబ్బులో కొంత భాగం ఈ పదిహేను రోజుల పరీక్ష అయ్యాక ఇస్తామని కాగితం మీద రాయించుకోండి.