హర్మ్యము – ప్రాసాదము

గొప్ప భవనములను వర్ణించుచోట మన కవులు హర్మ్యము, ప్రాసాదము అను సంస్కృతపదములను విరివిగా వాడిరి. రెండింటికిని ‘మేడ’ యని చెప్పి ముందునకు సాగుట తరగతులలో పరిపాటి. అమరకోశమును కంఠస్థము చేసినవారిది వేఱొక చిక్కు.

అమరసింహుడు పురవర్గమున ధనికుల నివాసమును హర్మ్యమనియు, దేవతలయు రాజులయు నివాసమును ప్రాసాదమనియు విభజించెను. దీనినే శాసనముగా గైకొని, ధనికుని యింటిని ప్రాసాదమన్న పద్యము కంటబడగానే లేఖకప్రమాదమని తలచి పాఠమును దిద్దబూనుట సాహసము. అమరుడు హర్మ్యశబ్దమునకు ‘ఆది’ చేర్చిన సంగతిని పలువురు గమనింపరు. ధనికుల గృహములకు ఇతర నామములును కలవని దాని భావము. కాళిదాసు మేఘసందేశమున అలకాపురి భవనములనే ఒకచోట హర్మ్యములనియు, మఱొకచోట ప్రాసాదములనియు పేర్కొనెను. మొదటిచోట అవి శివుని తలనున్న చంద్రుని వెన్నెలలో తడిసినవి. రెండవచోట చిత్రములతో, మణులు తాపిన నేలతో, మింటినంటు శిఖరములతో మేఘమునకు సాటివచ్చునవి. యజమానులు రెండుచోట్లను యక్షులే. దక్షిణదేశపు శిల్పగ్రంథమగు మయమతమున ఈ రెండు పదములును విమానమునకు పర్యాయములుగానే పఠింపబడినవి.

కావున భేదమును యజమానియందు గాక పదనిర్మాణమునందు వెదకుట మేలని మా యభిప్రాయము. హర్మ్యశబ్దము ఋగ్వేదమునందే గృహార్థమున కలదు. (సౌధమును మేమిందు చేర్చలేదు, అది సుధ, అనగా సున్నపుపూతను బట్టి వచ్చిన పేరు.) ప్రాసాదశబ్దపు కథ ఇంకను రుచికరము. ‘ప్ర’ యను ఉపసర్గముతో కూడిన సద్ ధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరినచో ‘ప్రసాదము’ కావలెను. ప్రసన్నత, అనుగ్రహము అను అర్థములతో ఆ పదము మనకు నిత్యపరిచితమే. ఘఞంతము పరమగునపుడు, మనుష్యుని చెప్పనిచోట, ఉపసర్గమునకు దీర్ఘము బహుళముగా వచ్చునని పాణిని (6.3.122) విధించెను. సాద, కార శబ్దములు పరమైనచో ఆ దీర్ఘము కృత్రిమవస్తువునందే యని వార్తికము నియమించినది. అందుచేతనే దేవుని అనుగ్రహము ప్రసాదము, దేవుని గుడి ప్రాసాదము. రీతి ప్రకారము, కోటగోడ ప్రాకారము. మానవుడు చేతులతో కట్టినదానికే దీర్ఘము దక్కినది! 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుని బృహత్సంహితలో ప్రాసాదలక్షణాధ్యాయము దేవాలయములను గూర్చినదే; మేరువు, మందరము, కైలాసము మొదలుగా 20 విధములందు కలవు.

నివాసముగా చూచినపుడు హర్మ్యమనియు, కట్టడముగా చూచినపుడు ప్రాసాదమనియు అనుట ఉచితమని మాకు తోచుచున్నది. ఇది నియమము కాదు, మొగ్గు మాత్రమే.

పరిష్కర్తలకు ముఖ్యమైనది మఱొకటి కలదు. వ్రాతప్రతులలో దీర్ఘము జారిపోయినచో గుడి కాస్తా అనుగ్రహమగును. పద్యమునందు ఛందస్సు మనల కాపాడును: ప్రాసాదశబ్దము గురువుతోను, ప్రసాదశబ్దము లఘువుతోను మొదలగును గదా. వచనమునందు ఆ సాయము లేదు. రాజు ‘కట్టించెనా’, ‘పొందెనా’ యని అచ్చట క్రియను చూచియే పాఠమును నిర్ణయింపవలసియుండును.