మీకు తెలుసా? ఆదిలాబాద్ పిన్‌కోడ్ ఒక ప్రధాన సంఖ్య!

దేశంలో ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆదిలాబాద్ హెడ్ పోస్టాఫీసుకు 504001, కరీంనగర్‌కు 505001 వచ్చాయి. ఉత్తరాల మీద రోజూ రాసే ఈ అంకెల్లో ఎంత గణితం ఉందో చూడండి.

• 504001 ప్రధాన సంఖ్య. 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడదు. దీని వర్గమూలం 710కి కాస్త తక్కువ. అందుకే 2 నుంచి 709 వరకున్న 127 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ప్రతిసారీ శేషం మిగులుతుంది.

• 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయవచ్చని 17వ శతాబ్దంలో ఫెర్మా చెప్పాడు. తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. మన 504001 = 576² + 415². అంటే 331776 + 172225.

• కరీంనగర్ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు: 505001 = 7 × 19 × 3797. కానీ ఆ 3797 అరుదైనది. ఎడమవైపు నుంచి ఒక్కో అంకె తీసేస్తే 797, 97, 7. కుడివైపు నుంచి తీసేస్తే 379, 37, 3. అన్నీ ప్రధాన సంఖ్యలే! ఇలాంటివి మొత్తం 15 మాత్రమే. అన్నింటిలో పెద్దది 739397.

మీ ఊరి పిన్‌కోడ్‌కూ కారణాంకాలు కట్టి చూడండి. పిల్లలతో కలిసి చేస్తే మరీ మంచిది.