సీటు తీసుకున్నాక నివేదిక ఎందుకు?

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్ళలో ఒకటే చర్చ. అబ్బాయిని ఏ కాలేజీలో చేర్పిద్దాం, అమ్మాయిని ఎక్కడికి పంపుదాం? పక్కింటివారిని అడుగుతాం, రంగురంగుల బ్రోచర్లు తిరగేస్తాం. అయితే ఆ కాలేజీలో లెక్చరర్లు ఎందరున్నారో, ల్యాబుల్లో పరికరాలు ఉన్నాయో లేవో స్వయంగా చూసి రాసినవారు వేరే ఉన్నారు. వారే తనిఖీ బృందాలవారు. వారి నివేదిక మాత్రం వేళకు మన కంటబడదు.

2014 ఆగస్టు నాటి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు జె.ఎన్.టి.యు. పరిధిలో 170కి పైగా ఇంజనీరింగు కాలేజీలకు, లోపాలున్నాయన్న కారణంతో అనుబంధ గుర్తింపు దక్కలేదు. ఆ మాట విద్యార్థులకు ఎప్పుడు తెలిసింది? తీరా వెబ్ కౌన్సెలింగులో కాలేజీలు ఎంచుకునే వేళకు! యాజమాన్యాలు హైకోర్టుకెక్కాయి. ఏ కాలేజీ ఉంటుందో, ఏది పోతుందో తెలియక తల్లిదండ్రులు సతమతమయ్యారు. లెక్చరర్ల కొరత ఒక్క రాత్రిలో పుట్టేది కాదు. తనిఖీ వివరాలు నెల ముందే బయటపెడితే ఇంత గందరగోళం ఉండేదా?

నివేదిక ఆలస్యమైతే యాజమాన్యానికి పోయేదేమీ లేదు. ఈలోగా సీట్లు నిండుతాయి. నష్టపోయేది ఫీజు రీయింబర్స్‌మెంటును నమ్ముకుని పిల్లలను చేర్పించిన చిన్న కుటుంబాలే. మధ్యలో మానిపిస్తే ఏడాది వృథా, కొనసాగిస్తే నాలుగేళ్ళ చదువూ అంతంతమాత్రం.

చట్టం మన పక్షానే ఉంది. ప్రభుత్వ సంస్థలు తమ వద్ద ఉన్న సమాచారాన్ని ఎవరూ అడగకముందే వీలైనంత వరకు వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షను చెబుతోంది. వైద్య కళాశాలల మదింపు వివరాలను ప్రజల ముందుంచాలని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కూడా ఆదేశించింది. ఉన్న చట్టం అమలుకావడమే కావాలి.

అందాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. కాలేజీకి అనుబంధ గుర్తింపునిచ్చే విశ్వవిద్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, తనిఖీ నివేదిక నకలు కోరవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అందుకే ఫలితాల కోసం ఎదురుచూడకుండా పరీక్షలు ముగిసిన వెంటనే దరఖాస్తు పెట్టడం మంచిది. మహల్లాలో చదువుకున్న యువకులు ఈ పనికి పూనుకుంటే ఎన్నో కుటుంబాలకు మేలు చేసినవారవుతారు.

అధికారులను మేము కోరేది ఒక్కటే. నివేదిక కౌన్సెలింగుకు ముందు రావాలి. ఆ తర్వాత వస్తే అది బీరువాలో కాగితమే!