అమ్మను కూర్చోబెట్టకండి

ఇరవై ఏళ్ళ క్రితం మా సంఘంలో స్త్రీల వైపు ఒక్క కుర్చీ కూడా ఉండేది కాదు. చాపలు పరిస్తే పెద్దవాళ్ళు, పిల్లలు అందరూ కిందే కూర్చునేవారు. ప్రార్థనకు మోకరించమంటే మోకరించేవారు, ఆమెన్ అనగానే లేచేవారు. మొదట ఒక వృద్ధురాలి కోసం గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశాం. అది నాలుగైంది. ఇప్పుడు రెండు వరుసలు. వాటిలో కూర్చునేవాళ్ళంతా డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళనుకుంటే పొరపాటే. నలభై ఎనిమిదేళ్ళ తల్లులున్నారు, యాభై రెండేళ్ళ వాళ్ళున్నారు. ‘కుర్చీ ఎందుకమ్మా?’ అని అడిగితే, ‘కింద కూసుంటె లెవ్వొస్తలేదు అయ్యగారూ’ అంటారు.

ఆ మాట వింటే నాకు మా అమ్మ గుర్తొస్తుంది. బీడీలు చుట్టి మమ్మల్ని చదివించిన తల్లి ఆమె. అరవై దగ్గర పడేసరికి నడుము వంగడం మొదలైంది. అప్పటికి నాకు పరిచర్య ఉంది, జీతముంది. ‘ఇన్నాళ్ళు కష్టపడ్డావు, ఇక చాలమ్మా, కూర్చో’ అన్నాను. చేతిలోని బిందె లాక్కున్నాను. మెట్లెక్కనివ్వలేదు, మార్కెట్‌కు పోనివ్వలేదు. తల్లిని సన్మానించడమంటే ఇదేననుకున్నాను. చుట్టాలు కూడా మెచ్చుకున్నారు. నాలుగేళ్ళకు ఒక రాత్రి బాత్‌రూమ్ గుమ్మం దగ్గర కూలబడింది. పెద్ద దెబ్బేమీ కాదు, కానీ తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైతే అయింది గాని ఆమె మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేదు. ఏడాది తిరగకముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. భూస్థాపన రోజున అందరూ నన్ను మంచి కొడుకన్నారు. నేను అమ్మకు విశ్రాంతి ఇస్తున్నాననుకుని ఆమెలో మిగిలిన బలాన్ని కూడా తీసేశానని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ బలం ఎలా పోతుందో ప్రతి కొడుకూ, ప్రతి కూతురూ తెలుసుకోవాలి. ముప్పై దాటినప్పటి నుంచే వాడకపోతే కండ తరగడం మొదలవుతుంది, పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం వరకు పోతుంది. స్త్రీలకు దీనికి తోడు మరో నష్టముంది. ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ అనే హార్మోను బహిష్టు ఆగే వయసులో బాగా తగ్గిపోతుంది. ఆ తర్వాతి కొన్నేళ్ళలో ఎముక వేగంగా గుల్లబారుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎముక విరిగే దాకా ఎవరికీ తెలియదు.

ఈ విషయంలో మన తెలుగు రాష్ట్రాల సంగతి మరింత ఆలోచించదగ్గది. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. అదే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ‘పిల్లలు పుట్టారు కదా, ఇక దానితో పనేముంది’ అనుకుని ముప్పై ఏళ్ళకే ఆపరేషన్‌కు ఒప్పుకునే ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. వాటిని ఉంచినా కొందరిలో ఆ దశ ముందే వస్తుంది. యాభైలో రావలసిన ఎముకల బలహీనత నలభైలోనే తలుపు తడుతుంది.

‘మేమేమన్నా ఖాళీగ కూసుంటున్నమా? పొద్దు పొడిస్తే పనే కదా!’ అని మా స్త్రీలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో దొరుకుతుంది. అక్కడి డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేద కుటుంబాలకు చెందిన, 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసున్న 289 మంది స్త్రీల ఎముకలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 29 శాతం మందికి తుంటి దగ్గర ఎముక గుల్లబారి ఉంది. వీరు ఒళ్ళు దాచుకునే స్త్రీలు కారు. చాకిరీ చేసీ, చాలీచాలని తిండి తినీ బతికినవాళ్ళు. చాకిరీ వేరు, బలం పెంచే సాధన వేరు. బీడీలు చుట్టే తల్లి రోజంతా ఒకే తీరున వంగి కూర్చుంటుంది. వేళ్ళకు పనే గాని తొడలకు, వీపుకు పని లేదు. నాటు వేసే తల్లికి నడుము నొప్పి మిగులుతుంది గాని నడుముకు కొత్త బలం రాదు. అలవాటైన దానికన్నా కొంచెం ఎక్కువ బరువు పడినప్పుడు, ఆ తర్వాత తిండి, విశ్రాంతి దొరికినప్పుడు మాత్రమే కండ, ఎముక గట్టిపడతాయి.

మన జిల్లాలోనే ఒక ఉదాహరణ చూడండి. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఇంటింటికీ నల్లా నీళ్ళు వచ్చాయి. బోరింగు దగ్గర బిందెలతో పడిగాపులు పడిన మన తల్లుల పాట్లు తీరాయి. దానికి కృతజ్ఞులమే, ఆ పాట్లు మళ్ళీ రావాలని ఎవరూ కోరరు. కానీ ఒక లెక్క చూడండి. లీటరు నీళ్ళంటే కిలో బరువు. పన్నెండు లీటర్ల బిందెను నేల మీది నుంచి ఎత్తి, చంకన పెట్టుకుని, ఇంటికి మోసిన స్త్రీ తనకు తెలియకుండానే తొడలకు, తుంటికి, చేతులకు బరువు చూపించింది. నల్లాతో ఆ కష్టం పోయింది, దాంతో పాటు ఆ బరువూ పోయింది. దాని స్థానంలో ఇంకేదీ రాలేదు.

కోమటిచెరువు కట్ట మీద పొద్దున్నే చీర మీద బూట్లు వేసుకుని నడిచే అక్కాచెల్లెళ్ళు కనిపిస్తుంటారు. చాలా సంతోషం. గుండెకు, షుగరుకు నడక మేలు. కానీ నడక ఒక్కటే చాలదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం, పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు నడక వంటివి చేస్తూ, వాటికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. 65 దాటినవారు వారానికి మూడు రోజులు బలంతో పాటు, తూలిపోకుండా నిలదొక్కుకునే సాధన కూడా చేయాలి.

‘బరువులెత్తడం మగపిల్లల పని, ఈ వయసులో మాకెందుకు’ అంటారా? 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ మన తెలుగు స్త్రీయే. ఆ ఆదివారం నేను కూడా సంఘంతో చప్పట్లు కొట్టించాను. కొట్టించి, ఇంటికి వెళ్ళి అమ్మ చేతిలో బిందె లాక్కున్నాను!

బైబిలు విద్య చదివిన నేను ఇంకో సంగతి కూడా గమనించకుండా ఎన్నో ఏళ్ళు ప్రసంగించాను. సామెతలు 31వ అధ్యాయం మన పెళ్ళిళ్ళలో తరచు చదువుతారు. మన తెలుగు బైబిలు అక్కడి స్త్రీని గుణవతి అంటుంది. మూలంలోని హెబ్రీ మాట ‘హయిల్’. దానికి బలం, పరాక్రమం, సైన్యం అని కూడా అర్థాలున్నాయి. దూత గిద్యోనును పరాక్రమశాలి అని పిలిచినప్పుడు వాడిన మాట కూడా అదే (న్యాయాధిపతులు 6:12). 17వ వచనంలో ఆమె చేతులతో గట్టిగా పనిచేస్తుందనే భావం మన అనువాదంలో వస్తుంది. హెబ్రీలో ఉన్నదేమిటంటే, ఆమె తన బాహువులను బలపరచుకుంటుందని! ఆమె పని గురించి, ఓర్పు గురించి, వంట గురించి మేం వందల ప్రసంగాలు చేశాం. ఆమె బాహువుల గురించి ఒక్కటీ చేయలేదు. శరీర సాధన వల్ల ప్రయోజనం కొంచెమేనని పౌలు తిమోతికి రాసిన మాటను (1 తిమోతి 4:8) అడ్డం పెట్టుకునేవారూ ఉన్నారు. భక్తితో పోల్చి కొంచెమన్నాడు గాని, అసలే లేదనలేదు. మంచం పట్టిన తల్లికి ఆ కొంచెమే చాలా ఎక్కువ.

ఆలస్యమైపోయిందని ఎవరూ అనుకోనక్కర లేదు. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో, వృద్ధాశ్రమంలో ఉన్న పదిమందితో వైద్యులు కాళ్ళకు బరువుల సాధన చేయించారు. వారి సగటు వయసు తొంభై. ఎనిమిది వారాలు పూర్తిచేసిన వారిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీలతో చేసిన పరిశోధన 2017లో వెలువడింది. వారి సగటు వయసు 65. శిక్షకుల ఎదుట వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఎనిమిది నెలలు బరువులెత్తిన వారికి వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి కసరత్తు మాత్రమే చేసినవారికి 1.2 శాతం తగ్గింది.

ఇందుకు జిమ్‌కే పోనవసరం లేదు. గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి మళ్ళీ నెమ్మదిగా కూర్చోండి. ఇవి మనం బడిలో తీసిన గుంజీలే, కాకపోతే కుర్చీ తోడుంటుంది. గోడకు మూరెడు దూరంలో నిలబడి అరచేతులతో గోడను నెట్టండి. పొయ్యి గట్టు పట్టుకుని మడమలు లేపి మునివేళ్ళ మీద నిలబడండి. నీళ్ళు నింపిన లీటరు సీసాలను భుజాల నుంచి తల మీదికి ఎత్తండి. రెండు కిలోల బియ్యం సంచిని వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళు, తుంటి వంచి నేల మీది నుంచి ఎత్తండి. ఒక్కొక్కటీ ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, వారానికి రెండు రోజులు. చివరి రెండుసార్లు కష్టమనిపించాలి. సులువైపోయిన రోజున సంచిలో మరో కిలో పోయండి. ఊపిరి బిగబట్టవద్దు. బీపీ, గుండె జబ్బు, పాత ఎముక విరుగుడు, గర్భసంచి జారడం వంటివి ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. దగ్గితే, తుమ్మితే మూత్రం పడడాన్ని చాలామంది సిగ్గుతో దాచుకుంటారు. దానికి కూడా వ్యాయామాలు, వైద్యం ఉన్నాయి. అడగండి.

తిండి లేకుండా కండ రాదు. మన భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, యాభై గ్రాముల కందిపప్పులో పదకొండు గ్రాముల దాకా ఉంటాయి. ఎముకకు రాగిజావ, నువ్వులు, పెరుగు మంచివి, కాసేపు ఎండ కూడా కావాలి. కానీ మన ఇళ్ళలో అందరూ తిన్నాక గిన్నెలో అడుగున మిగిలిన చారు అమ్మది. ముక్కలు పిల్లలవి, గుడ్డు అల్లుడిది! ఉపవాస ప్రార్థనలకు వచ్చే తల్లులకు కూడా ఒక మాట. షుగరు మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగకుండా పస్తుండకండి. మీరు తిని ప్రార్థించినా దేవుడు వింటాడు.

మా స్త్రీల కూడికలో చివరి ఇరవై నిమిషాలు ఇప్పుడు దీనికే. మొదటి వారం మా ఇంటావిడ, ఇంకో ముగ్గురు మాత్రమే లేచారు. మిగిలినవారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నెల తిరిగేసరికి నవ్వినవాళ్ళే సీసాలు తెచ్చుకున్నారు. మొన్నొక ఆదివారం మోకాళ్ళ ప్రార్థన అయ్యాక, యాభై ఏడేళ్ళ తల్లి ఒకామె పక్కనున్న కుర్చీని పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, తనంతట తానే లేచి నిలబడింది. లేచి అటూ ఇటూ చూసింది, ఎవరైనా చూశారా అని. నేను చూశాను.

పద్దెనిమిదేళ్ళు నడుము వంగిపోయి ఉన్న స్త్రీని యేసుప్రభువు సమాజమందిరంలో చూశాడు (లూకా 13:10-17). ఆ ఊళ్ళో ఆమెను అందరూ చూసే ఉంటారు, చూసి అలవాటుపడిపోయి ఉంటారు. ఆయన మాత్రం దగ్గరికి పిలిచి నిటారుగా నిలబెట్టాడు. ఆమె అద్భుతం వల్ల లేచింది, అది మన చేతిలో లేదు. కానీ వంగుతున్న తల్లిని చూసి అలవాటుపడకపోవడం మన చేతిలో ఉంది. ఈ సాయంత్రం మీ అమ్మ కుర్చీలోంచి ఎలా లేస్తుందో ఒకసారి గమనించండి. చెయ్యి ఇచ్చి లేపకండి. పక్కన నిలబడి, ‘ఇంకోసారి లెవ్వమ్మా’ అనండి. మా అమ్మతో నేను అనలేకపోయిన మాట అదే.