పాత పైసకు పది లక్షలా?
సోనాపూర్‌లో మా నాణేల క్లబ్బు కథ

దుబాయిలో సోనాపూర్ తెలియని తెలుగువాడు ఉండడు. కాగితాల మీద ముహైస్నా 2 అని రాసినా బస్సు డ్రైవర్ దగ్గర్నుంచి కిరాణా కొట్టు మలబారీ దాకా అందరూ సోనాపూర్ అనే అంటారు. సోనాపూర్ అంటే బంగారు ఊరు. ఆ బంగారం ఎక్కడుందో ఇన్నేళ్ళలో మాకు కనపడలేదు గానీ, రాగి, ఇత్తడి, స్టీలు, అల్యూమినియం మాత్రం మా మెస్ హాల్లో కుప్పలుగా దొరికాయి. ఆ సంగతి పాఠకులతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు.

మేమిద్దరం ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తాలం. చదివింది ఇంటర్. టైం షీట్లు, సెలవు ఫారాలు, అడ్వాన్సు కాగితాలు మా బల్ల మీద నుంచే వెళ్తాయి. ఉండేది మాత్రం మీ అందరిలాగే క్యాంపులో, ఆరు మంచాల గదిలో.

ఒకరోజు సాయంత్రం జగిత్యాల జిల్లా కాకా ఒకాయన అడ్వాన్సు అడగడానికి వచ్చాడు. స్టీల్ ఫిక్సర్. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా అడ్వాన్సు అడగని మనిషి. కారణం ఏం రాయమంటావు కాకా అంటే చుట్టూ చూసి, చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. అందులో వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ.

"తమ్మీ, గీ బిళ్ళకు పది లక్షలిస్తరంట. ఎవ్వలకు చెప్పకుర్రి" అన్నాడు.

విషయం ఏమిటంటే, ఫోన్‌లో ఒక ప్రకటన చూశాడు. నంబరుకు బిళ్ళ ఫొటో పంపాడు. అవతలివాడు హిందీలో మర్యాదగా మాట్లాడి, రిజర్వు బ్యాంకు ముద్ర వేసిన కాగితం కూడా పంపించాడు. రిజిస్ట్రేషన్‌కు 1,950 రూపాయలు కట్టమంటే ఊళ్ళో కొడుకుతో కట్టించాడు. తర్వాత జీఎస్టీ అని 8,500 అడిగితే రూమ్మేట్ల దగ్గర బదులు తెచ్చి అదీ కట్టించాడు. ఇప్పుడు "క్లియరెన్సు" కోసం 15,000 కట్టాలట. అది కట్టిన మర్నాడే పది లక్షలు ఖాతాలో పడతాయట. అందుకే అడ్వాన్సు.

మోసం కాకా అని మేం నెత్తీనోరూ కొట్టుకున్నాం. ఆయన వినలేదు. పైగా, "నాకు నాలుగు పైసలొస్తే మీకు కడుపు మంటనా" అని కోపం చేసుకున్నాడు. ఆ మాటకు మాకూ బాధ కలిగింది. కానీ మనిషి తప్పు లేదు. పెళ్ళికి ఎదిగిన బిడ్డ, బోరు వేసిన అప్పు. ఆశ ఎవరికి ఉండదు?

ఆ రాత్రి మాకొక ఉపాయం తోచింది. బ్లాకులో గదిగదికీ వెళ్ళి, "మీ పెట్టెల్లో, పర్సుల్లో మన ఊరి చిల్లర ఏమున్నా ఒకసారి చూపించండి" అని అడిగాం. సెలవు నుంచి వచ్చినప్పుడు జేబులో మిగిలిన చిల్లర ప్రతి ఒక్కరి పెట్టెలోనూ ఏదో మూల పడి ఉంటుంది. గంటసేపట్లో పెద్ద స్టీలు పళ్ళెం నిండింది. అందులో వైష్ణోదేవి బిళ్ళలు ఇంకో మూడు దొరికాయి!

కాకాను పిలిచి పళ్ళెం ముందు పెట్టాం. "ఒక్క బ్లాకులోనే నాలుగు బిళ్ళలుంటే నలభై లక్షలు కావాలి గదా కాకా, మరి మనమంతా ఇక్కడ ఎందుకున్నాం?" అన్నాం. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడ్వాన్సు ఫారం తీసుకుని తనే చించేశాడు. కట్టిన 10,450 రూపాయలు మాత్రం ఈరోజు దాకా తిరిగి రాలేదు. కొడుకు ఫిర్యాదు ఇచ్చాడు, చూడాలి.

ఆ పళ్ళెంతోనే మా క్లబ్బు మొదలైంది.

ధర దేనికి ఉంటుంది?

ముందు ఈ లక్షల సంగతి తేల్చుకుందాం. 2021 ఆగస్టు 4న రిజర్వు బ్యాంకు ఒక హెచ్చరిక ఇచ్చింది. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలు తాము చేయమని, అందుకోసం ఎలాంటి ఫీజు, కమీషను, పన్ను అడగమని, తమ పేరు మీద వసూలు చేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి ఎవరైనా రిజర్వు బ్యాంకు పేరు చెప్పి డబ్బు కట్టమన్నారంటే వాడు దొంగే. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మనల్ని కట్టమనడమేమిటి? ఈ ఒక్క ప్రశ్న గుర్తుంచుకుంటే చాలు.

మోసపోయినవారు సిగ్గుపడి దాచుకోవద్దు. ఇండియాలో ఇంటివాళ్ళ చేత వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయించండి. ఇక్కడ దుబాయి పోలీసుల ఈ-క్రైమ్ విభాగం ఉంది. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత అవకాశం.

నాణెం పాతదైనంత మాత్రాన ధర రాదు. ఎన్ని ముద్రించారు, ఎంత శుభ్రంగా మిగిలింది, కావాలనేవాళ్ళు ఎందరున్నారు, ఈ మూడింటి మీద ధర ఆధారపడుతుంది. మన చేతుల్లో తిరిగిన చిల్లరలో నూటికి తొంభై తొమ్మిదింటి విలువ దాని మీద రాసి ఉన్నంతే. 25 పైసలు, అంతకు తక్కువవైతే 2011 జూన్ 30 నుంచి చెల్లనే చెల్లవు.

మరి ఎందుకు దాచుకోవడం అంటారా? వినండి.

చుక్కలో ఉన్న హైదరాబాద్

మన రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం గుర్తు ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైనది. డైమండ్ గుర్తుంటే ముంబయి. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. ఇన్నేళ్ళు చిల్లర లెక్కపెట్టినా మాలో ఎవరికీ ఇది తెలియదు. తెలిసిన రోజు మెస్ హాల్లో అందరూ నక్షత్రాలు వెతకడమే పని. "నాది హైదరాబాద్!" "నాది కూడా!" అని కేకలు.

హైదరాబాద్ టంకశాల 1803లో నిజాం కాలంలో మొదలైంది. 1950లో కేంద్రం చేతికి వచ్చింది. సైఫాబాద్ నుంచి చర్లపల్లికి 1997లో మారింది. నిజాం నాణేల మీద చార్మినార్ బొమ్మ ఉండేది. హాలీ సిక్కా అని మన తాతలు చెప్పేవాళ్ళే, అదే ఇది.

ఇక మా కరీంనగర్, జగిత్యాలవాళ్ళు గర్వపడే సంగతి ఇంకొకటి. గోదావరి ఒడ్డున కోటిలింగాల ఊరుంది కదా. అక్కడ దొరికిన పాత నాణేలను పి.వి. పరబ్రహ్మ శాస్త్రి గారి వంటి పండితులు చదివారు. వాటిలో శాతవాహన వంశానికి మొదటివాడైన సిముకుని పేరున్న నాణేలు ఉన్నాయి. అంటే రెండువేల ఏళ్ళ నాటి మాట. ఆ తర్వాతి శాతవాహన రాజులు రెండు స్తంభాల ఓడ బొమ్మతో సీసపు నాణేలు వేశారు. మనవాళ్ళు సముద్రం దాటడం ఇప్పటి వీసాలతో మొదలు కాలేదన్నమాట.

ఇక్కడ చెల్లిన మన రూపాయి

మా దుకాణం మలబారీ కాకా చెబితే మొదట నమ్మలేదు గానీ ఇది నిజం. ఒకప్పుడు దుబాయిలో మన రూపాయే నడిచేది. బంగారం దొంగ రవాణాతో రూపాయలు బయటికి పోతున్నాయని 1959లో భారత ప్రభుత్వం గల్ఫ్ దేశాల కోసం వేరే నోట్లు వేసింది. వాటినే గల్ఫ్ రూపాయి అంటారు. రంగు వేరు, నంబరు ముందు జెడ్ అక్షరం ఉండేది. 1966 జూన్ 6న మన రూపాయి విలువ తగ్గించారు. అంతకు ముందు డాలరుకు 4.76 రూపాయలైతే ఆ రోజు నుంచి 7.50. దాంతో ఇక్కడివాళ్ళు రూపాయిని వదిలేశారు. దుబాయి, ఖతర్ కలిసి రియాల్ వేసుకున్నాయి. దేశమంతా ఏకమయ్యాక 1973 మే 19న దిర్హం వచ్చింది.

రోజూ చూసే దిర్హం బిళ్ళ మీద ఉన్నది గహ్వా పోసే దల్లా. 50 ఫిల్స్ మీద చమురు బావుల టవర్లు, 25 ఫిల్స్ మీద జింక. ఇప్పుడు చేతికి రావడం అరుదైపోయిన 10 ఫిల్స్ మీద తెరచాప పడవ, 5 ఫిల్స్ మీద చేప, 1 ఫిల్స్ మీద ఖర్జూరపు చెట్లు. 1995 దాకా దిర్హం పెద్దగా ఉండేది, 50 ఫిల్స్ గుండ్రంగా ఉండేది. ఆ ఏడు దిర్హం చిన్నదైంది, 50 ఫిల్స్‌కు ఏడు పక్కలొచ్చాయి. నాణేల మీద అరబ్బీ అంకెలు చదవడం నేర్చుకోవడమూ సులువే. మన సున్నా లాంటిది వాళ్ళకు అయిదు, చుక్క పెడితే సున్నా. ఇది నేర్చుకున్న తర్వాత మావాళ్ళలో కొందరు బస్సు నంబర్లు, దుకాణం ధరలు కూడా చదవడం మొదలుపెట్టారు.

చందా లేని క్లబ్బు

క్యాంపు బాస్‌ను అడిగి అనుమతి తీసుకున్నాకే క్లబ్బు పెట్టాం. రెండు వారాలకొకసారి సెలవు రోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్ హాల్లో ఒక మూల కూర్చుంటాం. చందా లేదు. ఈ దేశంలో అనుమతి లేకుండా డబ్బు పోగు చేయడం నేరం, అది అందరూ గుర్తుంచుకోవాలి. అమ్మకం కొనుగోలు లేదు, మార్చుకోవడమే.

నాణేల సేకరణకు లేబర్ క్యాంపును మించిన చోటు లేదని మా అనుభవం. డబ్బున్నవాళ్ళు దేశదేశాలు తిరిగి తెచ్చుకునేవి మనకు పక్క మంచం మీదే దొరుకుతాయి. బంగ్లాదేశ్ తమ్ముడు జమునా వంతెన బొమ్మ ఉన్న అయిదు టాకాలు ఇచ్చాడు. ఇథియోపియా సెక్యూరిటీ అతను సింహం బొమ్మ బిళ్ళ ఇచ్చాడు. నేపాలీ మేస్త్రీ ఇచ్చిన బిళ్ళ మీద 2066 అని ఉంటే, ఇంకా రాని సంవత్సరంలో ఎలా ముద్రించారని మావాళ్ళు బిత్తరపోయారు. వాళ్ళది విక్రమ శకం, మనకంటే దాదాపు 57 ఏళ్ళు ముందు నడుస్తుందని అతను నవ్వుతూ చెప్పాడు. అంతవరకు అతనితో డ్యూటీ మాటలు తప్ప వేరే మాట లేదు. ఇప్పుడు మాతో చాయ్ తాగకుండా పోడు.

దాచుకునేవారికి నాలుగు జాగ్రత్తలు చెబుతాం. చింతపండు, నిమ్మకాయ, పాలిష్ పెట్టి తోమకండి, నాణెం చెడిపోతుంది. అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో ఏళ్ళ తరబడి ఉంచితే పచ్చగా పాచి పడుతుంది, కాగితపు కవర్లు మేలు. కవరు మీద ఎవరిచ్చారో, ఏ తేదీన ఇచ్చారో రాసుకోండి.

ముఖ్యమైనది ఇంకొకటి. ఇంట్లో తాతలనాటి నిజాం రూపాయి ఉందని ఇక్కడికి తేవద్దు. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. పొలంలో లంకెబిందె దొరికినా అంతే. 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది, పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి.

కాకా పెట్టె

ఇప్పుడు మా క్లబ్బులో అందరికంటే చురుకైనవాడు కాకాయే. కొత్తగా ఎవరు సెలవు నుంచి వచ్చినా, "జేబుల చిల్లర ఉంటే సూపియ్యి బిడ్డా" అని అడుగుతాడు. ఫోన్‌లో లక్షల ప్రకటన చూశామని ఎవరైనా అంటే మేం చెప్పనక్కర లేదు, తన కథ తానే చెబుతాడు. ఒకప్పుడు ఎవరికీ చెప్పొద్దన్న మనిషే ఇప్పుడు ఇరవై మందిలో లేచి, "నేను 10,450 కట్టిన, మీరు కట్టకుర్రి" అంటాడు. ఆయన మాటతో మా ఎరుకలో ముగ్గురు డబ్బు కట్టకుండా ఆగారు.

వచ్చే ఏడు ఆయన ఫైనల్‌గా వెళ్ళిపోతాడు. పదకొండు దేశాల నాణేలు ఒక బిస్కెట్ డబ్బాలో సర్దాడు. ఊళ్ళో మనవడు చదివే బడిలో పిల్లలకు చూపిస్తాడట. ఆ వైష్ణోదేవి బిళ్ళ కూడా అందులోనే ఉంది. దాని కవరు మీద మా చేత రాయించుకున్నాడు: "దీని విలువ అయిదు రూపాయలు."

మీ క్యాంపులో కూడా ఒక పళ్ళెం పెట్టి చూడండి. రేపు సెలవు రోజున పెట్టె అడుగున చెయ్యి పెట్టండి, ఏదో ఒక బిళ్ళ తగులుతుంది. దాని కింద నక్షత్రం ఉందో లేదో చూడండి.