ఇబ్రహీంపట్నం కూడలిలో పుట్టినరోజులు

విజయవాడనుండి హైదరాబాదు పోవు రహదారిలో ఇబ్రహీంపట్నం చేరగానే ఒక పెద్ద కూడలి ఎదురగును. అచటినుండి ఒక బాట పడమరగా హైదరాబాదుకు సాగును. మరొకటి ఉత్తరముగా కొండపల్లి, మైలవరం, తిరువూరు మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపునకు మళ్ళును. దక్షిణమున కృష్ణవేణి. చేరువనే నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. ఇన్ని దారులు కలిసినచోట జనము ఆగుదురు. జనము ఆగినచోట బొమ్మలు వెలయును. ఏ సినిమా నటుని పుట్టినరోజు ఫ్లెక్సీయు లేని మాసము ఇచట అరుదు. నటుని నిలువెత్తు బొమ్మ క్రింద వరుసగా చిన్న చిన్న ముఖములు, శుభాకాంక్షలు చెప్పువారివి. వారిలో సగముమంది నిన్న మొన్నటివరకు మన బడి బల్లలపై కూర్చున్న పిల్లలే.

అసలు ఈ ఊరున్న జిల్లాకే ఒక నటుని పేరు. 2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లాను విభజించినప్పుడు విజయవాడ కేంద్రముగా ఏర్పడినదానికి ఎన్.టి.ఆర్. జిల్లా అని పేరు పెట్టినారు. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రము మచిలీపట్నం కేంద్రమైన కృష్ణా జిల్లాలోనే ఉండిపోయినది! పేరు ఒకచోట, పురుడు మరొకచోట.

పుట్టిన తేదీని పండుగగా చేసుకొనుట మనకు పాత అలవాటు కాదు. మన పెద్దలకు తిథి, నక్షత్రము చాలును. రాముడు నవమినాడు, కృష్ణుడు అష్టమినాడు పుట్టినారని తెలిసిన మనకు ఆ తేదీలు ఏటేట మారుచున్నను ఏ ఇబ్బందియు కలుగలేదు. ఇంగ్లీషు తేదీ మన ఇండ్లలోనికి వచ్చినది బడి రిజిస్టరు గుండా. పిల్లవానిని బడిలో చేర్చ వచ్చిన తండ్రి "వరద వచ్చిన ఏడు పుట్టినాడండీ" అనును. పంతులుగారు వ్రేళ్ళు లెక్కించి, ఐదేండ్లు నిండునట్లు చూచి, ఒక తేదీ వ్రాసుకొందురు. ఆ తేదీయే తరువాత ఉద్యోగమునకు, పింఛనుకు, వజ్రోత్సవమునకు ప్రమాణము. పాతతరపు మన నటుల జన్మ సంవత్సరములు పుస్తకమునకొక తీరుగా కనబడుట అందుచేత వింత కాదు. అక్కినేని నాగేశ్వరరావు జన్మసంవత్సరము కొన్నిచోట్ల 1923, కొన్నిచోట్ల 1924. ఎల్.వి. ప్రసాదుది 1907 అని కొందరు, 1908 అని కొందరు. సావిత్రి విషయమున రెండు మూడేండ్ల తేడాతో లెక్కలున్నవి. కళాకారుడు ఎప్పుడు పుట్టినాడని అడుగునప్పుడు రిజిస్టరులోని తేదీతో సరిపెట్టుకొనరాదని నాకు తోచుచున్నది. అతడు తన వృత్తిలో మలుపు తిరిగిన దినము మరొకటి ఉండును. ఆ దినమునకు ఎవరును ఫ్లెక్సీ కట్టరు.

కూడలినుండి ఉత్తరపు బాట పట్టి కొండపల్లి దాటి పోయినచో మైలవరము వచ్చును. శోభన్ బాబు హైస్కూలు చదువు అచటనే. పుట్టినది సమీపమున చిననందిగామ. సేద్యము చేసుకొను కుటుంబము. పూర్తి పేరు ఉప్పు శోభనాచలపతిరావు. పుట్టినది 1937 జనవరి 14న. అనగా ఏటేట ఆయన పుట్టినరోజు భోగి మంటలతోనో సంక్రాంతి ముగ్గులతోనో కలిసి వచ్చును. వేరుగా పండుగ చేయనక్కరలేని అదృష్టము. గుంటూరు ఏ.సి. కళాశాలలో పట్టము పుచ్చుకొని, న్యాయశాస్త్రము చదువ మద్రాసు పోయి, ఆ చదువు నడుమ విడిచి సినిమాలలో ప్రవేశించినాడు. తొలి చిత్రము 'దైవబలం' 1959లో వచ్చినది. ఆ తరువాతి పదేండ్ల కథ అభిమానుల ఫ్లెక్సీలలో కనబడదు. చిన్న వేషములు, రెండవ కథానాయకుని వేషములు, పేరున్న నటుల ప్రక్కన నిలుచుండుట. 1965లో 'వీరాభిమన్యు'లో అభిమన్యుడుగా అందరి కంట పడినాడు గాని, అందులోను శ్రీకృష్ణుడుగా రామారావు ఉండనే ఉన్నాడు. 1969లో 'మనుషులు మారాలి' వచ్చినపిమ్మట గాని తన భారము తానే మోయగల నటుడని జనము ఒప్పుకొనలేదు. ఈ రెండు చిత్రములకును దర్శకుడు వి. మధుసూదనరావే. ఆపైన 1973లో కె. విశ్వనాథ్ దర్శకత్వమున 'శారద', 1975లో 'సోగ్గాడు'. ఇంటింటి ఆడువారికి ఇష్టుడైన కథానాయకుడు.

ఆయన జీవితమున నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపునది ఆరంభము కాదు, ముగింపు. 1996లో, అరువదేండ్లు నిండకమునుపే, తానుగా తెర దిగిపోయినాడు. మరల తండ్రి వేషమునకు గాని, తాత వేషమునకు గాని ఒప్పుకొనలేదు. 2008 మార్చి 20న చెన్నైలో మరణించువరకు ఆ పట్టు సడలలేదు. కనుకనే నేటికిని జనవరి 14న మైలవరము దారిలో కనబడు ఆయన బొమ్మలన్నిటిలోను ఒక్కటే వయస్సు. నుదుటిపై ఆ ఉంగరపు జుట్టు ఎన్నడును నెరయలేదు.

దీనికి సరిగా ఎదురుగా నిలుచువాడు నాగేశ్వరరావు. గుడివాడ సీమ రామాపురపు రైతుబిడ్డ, చదువు స్వల్పము, నాటకములలో ఆడవేషములు వేసి పేరు తెచ్చుకొన్న బాలుడు. విజయవాడ రైలుస్టేషనులో నిర్మాత ఘంటసాల బలరామయ్య కంట పడుట, 1944లో 'సీతారామ జననం'లో రాముడగుట మన ప్రాంతమున అందరికి తెలిసిన కథ. 1948లో 'బాలరాజు'తో జానపద వీరుడు, 1953లో 'దేవదాసు'తో భగ్నప్రేమికుడు, 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు'లో తాత. 2013 అక్టోబరులో తనకు క్యాన్సరు సోకినదని తానే పత్రికలవారిని పిలిచి చెప్పినాడు. 2014 జనవరి 22న మరణించినాడు. ఆఖరి చిత్రము 'మనం' ఆ ఏడు మే 23న విడుదలయినది. ఒకరు అరువదేండ్లలోపున తలుపు వేసికొని పోయినారు, మరొకరు తొంబదేండ్ల అంచున కూడ వెలుతురులోనే నిలిచినారు. వీరిలో ఎవరిది సరి అని పిల్లలు అడిగిన ఏమి చెప్పవలెను? శోభన్ బాబుది ప్రేక్షకుని జ్ఞాపకముపై గౌరవము, నాగేశ్వరరావుది వృత్తిపై గౌరవము. నా మనస్సు రెండవదానివైపే మొగ్గును. ముసలితనము కూడ నటించి చూపదగిన విషయమే గదా.

రామారావు కథకు ఈ కొలతలు చాలవు. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో తెలుగు శాఖాధిపతి విశ్వనాథ సత్యనారాయణ ఆయనకు నాటకములో నాగమ్మ వేషమిచ్చినప్పుడు మీసము తీయనని మొరాయించి, మీసముతోనే రంగమెక్కి 'మీసాల నాగమ్మ' అనిపించుకొన్న ముచ్చట ఉపాధ్యాయ లోకమున ప్రసిద్ధమే. అంత మొండి విద్యార్థిని ఏ పంతులు మరచిపోవును! సబ్‌రిజిస్ట్రారు కార్యాలయపు ఉద్యోగము దొరికినను కొద్దికాలమునకే వదలుకొని, 1949లో 'మనదేశం'లో పోలీసు ఉద్యోగి వేషమున తెరపై కనబడినాడు. 1957లో 'మాయాబజార్'లో కృష్ణుడయినాడు. 1977 జనవరి 14న విడుదలయిన 'దాన వీర శూర కర్ణ'లో కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు మువ్వురును తానే, దర్శకుడును తానే. 1982 మార్చి 29న పార్టీ స్థాపించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినాడు. అప్పటికింకను అరువది నిండలేదు. ఆ దినమునుండి మే 28 సినిమావారి పుట్టినరోజు మాత్రమే కాక పార్టీవారి తిరునాళ్ళు కూడ అయినది. శతజయంతి సంవత్సరమైన 2023లో ఆగస్టు 28న రాష్ట్రపతి ఆయన బొమ్మతో నూరు రూపాయల నాణెము విడుదల చేసినారు.

నూజివీడులో 1918 జూలై 3న పుట్టిన ఎస్.వి. రంగారావుకు ఇంత వైభవము దక్కలేదు. అగ్నిమాపకశాఖలో ఉద్యోగము చేసి వచ్చిన మనిషి. రామారావుకంటె ఐదేండ్లే పెద్ద. అయినను ఆయనకు తండ్రిగాను, పెదతండ్రిగాను నటించినాడు. 1951లో 'పాతాళ భైరవి' నేపాళ మాంత్రికుడు అయినప్పటికి ఆయనకు ముప్పదిమూడేండ్లు నిండినవో లేదో! 'నర్తనశాల'లో కీచకుడై, 1964లో జకార్తా ఆసియా-ఆఫ్రికా చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడయినాడు. తరువాత దర్శకుడై 'చదరంగం', 'బాంధవ్యాలు' తీసినాడు. 1974 జూలై 18న, ఏబదియారవ పుట్టినరోజు గడచిన పదునైదు దినములకు, కన్నుమూసినాడు. శోభన్ బాబు వేయనన్న ముసలి వేషములను ఈయన యౌవనమునందే వేసి తీర్చుకొన్నాడు. నిజమైన ముసలితనము మాత్రము ఆయన దరి చేరనేలేదు.

సావిత్రి కూడ దర్శకత్వమువైపు మళ్ళినది. చిర్రావూరులో పుట్టి విజయవాడలో పెరిగిన పిల్ల. 1968లో ముఖ్య సాంకేతిక శాఖలలో స్త్రీలే పనిచేయగా 'చిన్నారి పాపలు' తీసినది. తెలుగు 'మూగమనసులు'ను తమిళమున 'ప్రాప్తం' పేర తీసి నష్టపోయినది. నటులకు దర్శకత్వము గౌరవము తెచ్చిపెట్టినది. ఆమెకు అప్పులు తెచ్చిపెట్టినది. నడివయస్సు వచ్చిన నటునికి వేషములు దొరికిన పరిశ్రమలో నడివయస్సు వచ్చిన నటికి అవి దొరకవు. ఆనాడే కాదు, నేడును అంతే. 1981 డిసెంబరు 26న ఆమె మరణించినది. 2018లో 'మహానటి' వచ్చినపిమ్మట గాని నేటి పిల్లలలో పలువురికి డిసెంబరు 6 ఆమె పుట్టినరోజని తెలియలేదు.

ఇక దర్శకులు. ఇబ్రహీంపట్నం కూడలిలో దర్శకుని బొమ్మ ఎంత అరుదో చూచువారికి తెలియును. నటుల ముఖములను తీర్చిన చేతులకు ముఖము లేదు. మే 4న దాసరి నారాయణరావు జయంతిని తెలుగు దర్శకులు 'దర్శకుల దినోత్సవము'గా జరుపుకొనుచున్నారు గాని, అది వారి ఇంటి పండుగ. ఏలూరు చెంత సోమవరప్పాడున పుట్టిన ఎల్.వి. ప్రసాదు తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'లోను, తమిళ, తెలుగు తొలి టాకీలలోను చిన్న వేషములు వేసినాడు. 'భక్తప్రహ్లాద'లో ఆయన వేషము చండామార్కుల బడిలో మొద్దు శిష్యునిది! ఆ మొద్దు శిష్యుడే దర్శకుడై రామారావును తెరకు తెచ్చినాడు. 1955లో 'మిస్సమ్మ' తీసినాడు. స్టూడియోకు అధిపతియై, 1982లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము పొందినాడు. డెబ్బదేండ్లు దాటినపిమ్మట 1981లో కమలహాసను చిత్రమున తాతగా మరల నటించినాడు. ఏ మూలనుండి బయలుదేరెనో ఆ మూలకే చేరిన ప్రయాణము.

విశ్వనాథ్ ప్రయాణము కూడ అటువంటిదే. 1930 ఫిబ్రవరి 19న పెదపులివర్రులో జననము, మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రాహకుని కొలువు, 1965లో 'ఆత్మగౌరవం'తో దర్శకత్వము, 1980లో 'శంకరాభరణం'. ఆ చిత్రమున శంకరశాస్త్రిని చేసిన జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. ఏబదేండ్ల వయస్సున ఒక ప్రభుత్వోద్యోగిని నాయకుని చేయుట ఆ రోజులలో సాహసము. 1995లో 'శుభసంకల్పం'తో విశ్వనాథుడే నటుడయినాడు. 'శంకరాభరణం' విడుదలయినది ఫిబ్రవరి 2న. 2023లో ఆయన కన్నుమూసినదియు ఫిబ్రవరి 2ననే. ఈ కలయికకు అర్థము వెదకను గాని, ఆ తేదీ మాత్రము నాకు ఫిబ్రవరి 19కంటె దగ్గరగా తోచును.

నేటి అభిమానుల పండుగలను ఈసడించుట నా ఉద్దేశము కాదు. చిరంజీవి 1998లో రక్తనిధి స్థాపించిన నాటినుండి ఆగస్టు 22న వేలమంది యువకులు రక్తము దానము చేయుచున్నారు. అది ఏ పూలదండకంటెను మేలు. 2022నుండి పుట్టినరోజులకు పాత చిత్రములను మరల ప్రదర్శించు వాడుక వచ్చినది. ఆ ఏడు ఆగస్టులో 'పోకిరి' వచ్చినది. 2023 మే 31న కృష్ణ జయంతికి 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చినది. నిన్నటి పని నేటి పిల్లల కంట పడుటకు ఇది మంచి మార్గమే.

అయితే మరొక లెక్క కూడ ఉన్నది. 2020 సెప్టెంబరు మొదట కుప్పము ప్రాంతమున ఒక నటుని పుట్టినరోజుకై ఫ్లెక్సీ కట్టుచు విద్యుత్తీగ తగిలి ముగ్గురు యువకులు చనిపోయినారు. 2023 జూలైలో నరసరావుపేట వద్ద మరొక నటుని పుట్టినరోజుకే ఇద్దరు కళాశాల విద్యార్థులు అట్లే పోయినారు. ఇబ్రహీంపట్నము విద్యుత్తు పుట్టు ఊరు. ఇచటి కూడలిలో తీగల క్రింద ఇనుప చట్రము పట్టుకొని నిచ్చెన ఎక్కుచున్న కుర్రవానిని చూచినప్పుడెల్ల గుండె ఝల్లుమనును. వానికి చెప్పవలసినవారు తల్లిదండ్రులు, ఆపైన మనమే. ఆ నటుడు పదేండ్లు చిన్న వేషములతో ఎట్లు గడిపినాడో, ఏ చిత్రముతో మారినాడో వానికి తెలిసిన, నిచ్చెన ఎక్కకుండనే పండుగ చేసుకొనుటకు కావలసినంత సామగ్రి ఉన్నది.

మన ఉన్నత పాఠశాలలలో ప్రార్థన సమయమున ఒక విద్యార్థి 'నేటి విశేషము' చదువు ఆచారము పలుచోట్ల ఉన్నది. అందులో వీరికి చోటు కల్పించుట తేలికే. చిక్కు ఒక్కటే: మే 28 వేసవి సెలవులలో పడును, జనవరి 14 సంక్రాంతి సెలవులలో పడును. జూలై 3న, డిసెంబరు 6న, ఫిబ్రవరి 19న ఆదివారము కానిచో బడి ఉండును. శోభన్ బాబు సంగతి మాత్రము మైలవరము దారి పిల్లలు సెలవులిచ్చు ముందటి దినముననే చదువుకొనవలెను.